పేరు, కిరణం, రాయి: పెటోస్కీ శిలాజ పగడం ఐతిహ్యాలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సరస్సుల ఒడ్డున దొరికే పెటోస్కీ రాయి ఒక శిలాజ పగడం. మెరుగుపెట్టి ఆభరణాల్లో పొదిగే ఈ రాయికి ఒక ఐతిహ్యం, కొన్ని మహిమలు ప్రచారంలో ఉన్నాయి. ఆ ఐతిహ్యం రాయికి సంబంధించినది కాదు, ఒక మనిషికి సంబంధించినది. మహిమలు కూడా ఎరుపు పగడం నుంచి, భారతీయ యోగ పరిభాష నుంచి అరువు వచ్చినవే. ఈ అరువుల క్రమాన్ని విడదీసి చూపడం, ఐతిహ్య కథనంలో ఒడావా జాతి భూమి చరిత్ర ఎలా మరుగున పడిందో పరిశీలించడం, రాయికి సొంతమైన జానపదం ఎక్కడుందో గుర్తించడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలక పదాలు: శిలాజ పగడం, పెటోస్కీ, ఐతిహ్యం, లోకనిరుక్తి, కుహనా జానపదం, ఒడావా, విద్రుమం.

1. ఉపోద్ఘాతం:

రత్నానికి విలువ తెచ్చే అంశాలు మూడు: అందం, అరుదుదనం, కథ. మొదటి రెండింటినీ రత్నశాస్త్రం పరీక్షిస్తుంది. మూడోదాన్ని పరీక్షించవలసింది జానపద విజ్ఞానం. కథ లేని రత్నం మార్కెట్లో ఉత్త రాయిగానే మిగులుతుంది. అందుకే కథ దొరకని చోట కథను తెచ్చిపెట్టుకోవడం కూడా రత్నాల వ్యాపారంలో ఒక భాగమైపోయింది. శిలాజ పగడాల విషయంలో ఈ ప్రక్రియ స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపు పగడానికి వేల ఏళ్ళ సాహిత్యం ఉంది. శిలాజ పగడం అలంకారంగా విస్తృత ప్రచారంలోకి వచ్చింది ఇటీవలి కాలంలోనే. పేరులో 'పగడం' ఉన్నందువల్ల పాత పగడపు మహిమలన్నీ కొత్త రాయికి వారసత్వంగా సంక్రమించాయి.

ఈ పరిణామాన్ని పరిశీలించడానికి పెటోస్కీ రాయి తగిన ఉదాహరణ. మిషిగన్ రాష్ట్రం 1965లో దీన్ని తన అధికారిక శిలగా ప్రకటించింది. ఆ రాష్ట్రపు ఉత్తర తీరంలో ఈ రాయి లేని బహుమతుల దుకాణం కనబడడం అరుదు. ఉంగరాలు, లోలకులు, చెవిపోగులు, కాగితాల మీద పెట్టే బరువులుగా ఇది అమ్ముడవుతుంది. దీనితోపాటు ఒక కథ కూడా కరపత్రాల మీద, ప్రదర్శనశాలల ఫలకాల మీద, పిల్లల పుస్తకాల్లో నిరంతరం పునర్ముద్రితమవుతోంది. ఆ కథ నిజమా, కల్పనా అన్న ప్రశ్న దగ్గరే ఆగితే విమర్శ పని సగంలో నిలిచిపోతుంది. కథ ఎవరిది, ఎవరి చేతిలోకి వచ్చింది, చేతులు మారినప్పుడు ఏం జారిపోయింది అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు.

2. రాయి స్వరూపం:

పెటోస్కీ రాయి శాస్త్రీయ నామం హెక్సాగొనేరియా పెర్కారినేటా. డెవోనియన్ యుగంలో, అంటే సుమారు 42 కోట్ల నుంచి 36 కోట్ల సంవత్సరాల క్రితం, నేటి మిషిగన్ ప్రాంతాన్ని వెచ్చని లోతులేని సముద్రం కప్పి ఉండేది. ఆ సముద్రపు అడుగున గుంపులుగా బతికిన పగడపు జీవుల గూళ్ళు కాలక్రమంలో సున్నపురాయిగా మారాయి. అటు తరువాత, భూచరిత్రలో నిన్నమొన్నటిది అనదగిన మంచుయుగంలో, హిమానీనదాలు ఆ రాతిపొరలను పెకలించి, దొర్లించి, నునుపుచేసి సరస్సుల ఒడ్డున పరిచాయి. హెక్సాగొనేరియా చెందిన పగడపు వర్గం సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితం, పెర్మియన్ యుగాంతంలో, పూర్తిగా అంతరించింది. నేటి సముద్రాల్లో దానికి నేరుగా వారసులు లేరు.

రాతి మీద కనిపించే ఒక్కొక్క షడ్భుజి ఒక్కొక్క జీవి నివసించిన గూడు. షడ్భుజి మధ్యలోని నల్లని చుక్క ఆ జీవి నోరు ఉండిన చోటు. చుక్క నుంచి అంచుల వైపు సాగే సన్నని గీతలు గూటిలోపలి అడ్డుగోడలు. పొడిగా ఉన్నప్పుడు ఈ అల్లిక దాదాపు కంటికి ఆనదు. ఒడ్డున పడి ఉన్న బూడిదరంగు గులకరాళ్ళలో అదీ ఒకటిగా ఉంటుంది. నీటిలో ముంచినా, మెరుగు పెట్టినా గీతలు తేలి కనిపిస్తాయి. ఈ లక్షణం తరువాతి చర్చకు కీలకం. ఈ రాయి అందం చూసేవారి చేతి పనిమీద ఆధారపడి ఉంది.

ఎరుపు పగడంతో దీన్ని పోల్చిచూడాలి. నగల పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం రూబ్రం అనే జీవి గట్టి అస్థిపంజరం. రసాయనికంగా అదీ, పెటోస్కీ రాయీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. కానీ జీవుల వర్గాలు వేరు, కాలాలు వేరు, రంగులు వేరు. అన్ని శిలాజ పగడాలూ ఒకే పదార్థమని చెప్పడానికి కూడా వీలులేదు. ఫ్లోరిడా రాష్ట్రం 1979లో తన శిలగా ప్రకటించిన శిలాజ పగడంలో సున్నం స్థానాన్ని సిలికా ఆక్రమించింది. అది గాజును గీయగలిగేంత గట్టిది. పెటోస్కీ రాయి కాఠిన్యం మోస్ కొలమానంలో 3 మాత్రమే. గరుకు కాగితంతో చేత్తోనే అరగదీయవచ్చు. 'శిలాజ పగడం' అన్న ఒకే పేరు కింద ఇన్ని భిన్నమైన వస్తువులు చేరినప్పుడు, వాటన్నిటికీ ఒకే మహిమను అంటగట్టే పని వస్తువు చేసినది కాదు, పేరు చేసినది.

3. పగడానికి ఉన్న పురాణాలు:

ఎరుపు పగడపు కథలన్నిటిలోనూ రక్తమాంసాల స్పర్శ ఉంది. గరుడ పురాణంలోని రత్నపరీక్షా ప్రకరణం ప్రకారం బలాసురుడి దేహంలోని ఒక్కో భాగం ఒక్కో రత్నమైంది. అతని పేగులను శేషుడు తీసుకుపోయి విసరగా పడిన చోట్ల పగడం పుట్టింది. రోమన్ కవి ఓవిడ్ తన 'మెటమార్ఫసిస్' నాలుగో భాగంలో మరో కథ చెప్పాడు. పెర్సియస్ అనే వీరుడు మెడూసా తలను సముద్రపు నాచుమీద ఉంచగా ఆ నాచు గట్టిపడి పగడమైంది. రెండు కథల్లోనూ వధకు గురైన దేహం రత్నానికి మూలం. మెత్తనిది గట్టిపడడం, ప్రాణమున్నది రాయి కావడం రెండింటిలోనూ ఉన్న సామాన్య సూత్రం.

సంస్కృతంలో పగడానికి 'విద్రుమం' అన్న పేరుంది. విశిష్టమైన చెట్టు అని దానికి వ్యుత్పత్తి చెబుతారు. కొమ్మలు చాచిన రూపాన్ని చూసి చెట్టుగా భావించడం ఒక్క భారతదేశానికే పరిమితం కాదు. ఐరోపాలో 18వ శతాబ్ది దాకా పండితులు పగడాన్ని మొక్కగానే లెక్కించారు. 1720లలో ఫ్రెంచి వైద్యుడు పేసొనెల్ అది జంతువని చెప్పినప్పుడు విద్వత్సభ నమ్మలేదు. చెట్టు, రాయి, జంతువు అన్న మూడు వర్గాల మధ్య ఊగిసలాడిన ఈ వస్తువు జానపద మనస్సును ఆకర్షించడంలో వింత లేదు. ఏ వర్గంలోనూ ఇమడని వస్తువులకు మహిమను ఆపాదించడం లోకస్వభావం.

పగడం భారతదేశానికి సముద్రవాణిజ్యం ద్వారా వచ్చింది. క్రీస్తుశకం 1వ శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' భారతీయ రేవులకు దిగుమతయ్యే సరుకుల్లో పగడాన్ని పేర్కొన్నది. రోమన్లకు ముత్యాలెంతో భారతీయులకు పగడం అంత విలువైనదని ప్లినీ రాశాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో 'ఆలకందకం' అనే పగడపు రకం ఉంది. ఆ పేరును అలెగ్జాండ్రియా నగరంతో ముడిపెట్టిన పండితులున్నారు. దూరదేశపు సరుకు కావడం కూడా పగడపు గౌరవాన్ని పెంచింది. నవరత్నాల్లో దానికి కుజుడు అధిపతి. ఎర్రని గ్రహానికి ఎర్రని రత్నమన్న సామ్యమే దీనికి ఆధారం. తెలుగు ఇళ్ళలో నల్లపూసల మధ్య పగడం గుచ్చడం, ఇటలీ చిత్రకారులు బాలయేసు మెడలో పగడపు కొమ్మను చిత్రించడం వేర్వేరు సంస్కృతులకు చెందినవైనా రెండూ రక్షణ భావన నుంచే పుట్టాయి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గీసిన 'సెనిగాలియా మడొన్నా' దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ సంప్రదాయం మొత్తానికి ఇరుసు ఎరుపు రంగు. రక్తం, కుజుడు, దృష్టిదోష నివారణ అన్నీ ఆ రంగు నుంచే వచ్చాయి. బూడిదరంగు పెటోస్కీ రాయికి ఈ ఇరుసు లేదు. అయినా శిలాజ పగడాలను అమ్మేవారి వివరణల్లో రక్షణ, ధైర్యం, రక్తశుద్ధి వంటి గుణాలు యథాతథంగా కనిపిస్తాయి. కారణం పోయి ఫలితం మిగిలింది. జానపద విజ్ఞాన దృష్టితో చూస్తే నమ్మకానికి ఉన్న అంతర్గత తర్కం తెగిపోయి దాని మాటలు మాత్రమే మిగిలిన స్థితి ఇది.

రెండో అరువు మరింత ఆసక్తికరమైనది. స్ఫటికాలతో స్వస్థత కలుగుతుందని చెప్పే రచనల్లో పెటోస్కీ రాయి 'మూడో కన్ను'ను తెరుస్తుందన్న మాట తరచు వస్తుంది. షడ్భుజి నడిమి నల్లచుక్క కంటిపాపలా ఉండడమే ఈ ఊహకు మూలం. అయితే నొసటి కన్ను, ఆజ్ఞాచక్రం అన్న భావనలు మిషిగన్ నేలవి కావు. 1875లో న్యూయార్క్‌లో స్థాపితమై, 1882లో మద్రాసులోని అడయారుకు కేంద్రాన్ని మార్చుకున్న దివ్యజ్ఞాన సమాజం వంటి సంస్థల రచనల ద్వారా పాశ్చాత్యుల్లో వ్యాపించిన భారతీయ పరిభాష అది. ఉత్తర అమెరికా రాతికి ఒడావా జాతి నాయకుని పేరు, భారతీయ యోగశాస్త్రపు మహిమ తోడయ్యాయి.

4. పేరు ఐతిహ్యం:

ప్రచారంలో ఉన్న కథ సంగ్రహంగా ఇది. 1787 వసంతంలో ఒక ఫ్రెంచి జాతి బొచ్చు వ్యాపారి, ఒడావా జాతికి చెందిన అతని భార్య షికాగో ప్రాంతం నుంచి ఉత్తరానికి తిరిగి వస్తున్నారు. దారిలో కలమజూ నది ఒడ్డున రాత్రి విడిదిచేశారు. ఆ రాత్రి వారికి కొడుకు పుట్టాడు. తెల్లవారాక సూర్యకిరణాలు బిడ్డ ముఖంమీద పడ్డాయి. తండ్రి అది చూసి బిడ్డకు 'పెటోసేగా' అని పేరు పెట్టి, గొప్పవాడవుతాడని చెప్పాడు. ఉదయకిరణాలు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ బిడ్డ పెద్దవాడై వ్యాపారి, భూస్వామి, జాతి పెద్ద అయ్యాడు. అతని క్రైస్తవ నామం ఇగ్నేషియస్. 1873లో అతని భూముల పరిసరాల్లో వెలసిన పట్టణానికి అతని పేరే ఇంగ్లీషు నాలుకకు అనువుగా మారి 'పెటోస్కీ' అయింది. ఆ ఒడ్డున విరివిగా దొరికే రాయికి పట్టణం పేరు వచ్చింది.

కథాంశాల పరంగా ఇది వీరుని జననానికి సంబంధించిన ఐతిహ్యం. ప్రయాణంలో పుట్టుక, ప్రకృతి శకునం, తండ్రి జోస్యం, నామకరణం అన్న అంశాలు అనేక జాతుల వీరగాథల్లో ఉన్నవే. విమర్శకులు గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ కథలో రాయి లేదు. బిడ్డ చేతిలో గాని, నది ఒడ్డున గాని, జోస్యంలో గాని రాయి ప్రస్తావన రాదు. పేరు మనిషి నుంచి ఊరికి, ఊరి నుంచి రాయికి రెండు మెట్లలో దిగింది. రెండో మెట్టు పూర్తిగా వ్యాపార భౌగోళికం. ఏ ఊళ్ళో కొంటే ఆ ఊరి పేరుతో సరుకును పిలిచే అలవాటు అది.

అయినప్పటికీ నేటి పాఠకులకు పేరూ రాయీ ఒకదానికొకటి పుట్టినట్టే అనిపిస్తాయి. షడ్భుజి మధ్యనుంచి నలుదిక్కులా సాగే గీతలు ఉదయకిరణాల్లా కనిపించడమే అందుకు కారణం. పేరుకు అర్థం తెలిసినవారు రాతిలో సూర్యుణ్ణి చూస్తారు. చూసినవారు రాయివల్లే ఆ పేరు వచ్చిందని నమ్ముతారు. భాషాశాస్త్రంలో దీన్ని పోలిన ప్రక్రియకు 'లోకనిరుక్తి' అని పేరు. అర్థం మరుగునపడిన మాటకు లోకం తనకు తోచిన అర్థాన్ని కల్పించుకోవడం లోకనిరుక్తి. ఇక్కడ మాటకు అర్థం దొరికింది కాని వస్తువుతో సంబంధం లేదు. ఆ సంబంధాన్ని కన్ను కల్పించింది. దీన్ని దృశ్య లోకనిరుక్తి అనవచ్చు.

సాలగ్రామంతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో అధికం అమ్మొనైట్ అనే సముద్రజీవుల శిలాజాలు. వాటి మీది వలయాలను భక్తులు విష్ణుచక్రంగా దర్శించారు. చక్రాల సంఖ్యనూ, స్థానాన్నీ బట్టి ఒక్కో శిలకు ఒక్కో మూర్తి పేరు నిర్ణయించారు. అక్కడ ఆకృతి ముందు, పేరు తరువాత. పెటోస్కీ రాయి విషయంలో పేరు ముందు వచ్చింది, ఆకృతిలో దాని అర్థాన్ని తరువాత వెతుక్కున్నారు. మొదటిది శిలాజాన్ని పరిశీలించి పుట్టిన ఐతిహ్యం. రెండోది శిలాజం మీదికి తెచ్చి అద్దిన ఐతిహ్యం. ప్రాచీనులు, అమెరికా ఆదివాసులు శిలాజాలను ఎంత నిశితంగా గమనించి కథలల్లారో ఏడ్రియెన్ మేయర్ తన రెండు గ్రంథాల్లో (2000, 2005) వివరంగా నిరూపించింది. ఆ వెలుగులో చూస్తే పెటోస్కీ కథను 'రాతికి సంబంధించిన ఆదివాసీ ఐతిహ్యం'గా చెప్పడం ఆదివాసుల పరిశీలనా శక్తికి గౌరవం అనిపించుకోదు.

5. 'ఇచ్చాడు' అన్న క్రియ:

ప్రచార కథనం ముగింపులో తరచు ఒక వాక్యం వస్తుంది. పట్టణవాసులు తమకు భూమినీ, పేరునూ, ఉదయకిరణాల వారసత్వాన్నీ ఇచ్చిన మనిషిని ఈ పేరుతో గౌరవించారని దాని సారాంశం. ఈ వాక్యంలో బరువంతా 'ఇచ్చిన' అన్న మాట మీద ఉంది. ఆ మాటను చరిత్ర పక్కన పెట్టి చదవాలి.

1836లో వాషింగ్టన్‌లో జరిగిన ఒప్పందం ద్వారా ఒడావా, ఒజిబ్వే జాతులు నేటి మిషిగన్ భూభాగంలో మూడోవంతుకు పైగా అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నాయి. మరుసటి ఏడాదే మిషిగన్ రాష్ట్రమైంది. 1855లో డెట్రాయిట్‌లో జరిగిన మరో ఒప్పందం మిగిలిన భూమిని వ్యక్తుల పేర పంచే ఏర్పాటు చేసింది. ఆ పంపకం అమలులో జాప్యాలు, పన్నులు, మోసాల వల్ల అనేక కుటుంబాల భూములు చేజారాయి. పెటోస్కీకి ఎంతో దూరం లేని బర్ట్ సరస్సు ఒడ్డున 1900 అక్టోబరులో ఆదివాసుల ఊరినే పన్ను బకాయిల నెపంతో ఖాళీ చేయించి ఇళ్ళు తగలబెట్టారు. 1873లోనే రైలుమార్గం పెటోస్కీకి చేరింది. దాని వెంట వేసవి విడిదులు, పర్యాటకులు, జ్ఞాపికల దుకాణాలు వచ్చాయి. రాయి సరుకైన కాలమూ భూమి చేజారిన కాలమూ ఒకటే. కథలోని 'ఇచ్చాడు' ఈ రెండింటినీ కలిపి ఒక దానంగా మార్చివేస్తుంది.

ఈ రకమైన కథనానికి ఆ ప్రాంతంలో పూర్వరంగం ఉంది. 1836 ఒప్పందంలో ప్రభుత్వం తరఫున చర్చలు నడిపిన హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఆదివాసీ కథల సేకర్తగా ప్రసిద్ధుడు. ఒజిబ్వే మూలాలున్న అతని భార్య జేన్ జాన్‌స్టన్ స్వయంగా కవయిత్రి. ఆమె, ఆమె కుటుంబసభ్యులు అతనికి భాషనూ కథలనూ అందించారు. అదే స్కూల్‌క్రాఫ్ట్ మిషిగన్ కౌంటీలకు ఆదివాసీ పేర్ల వలె వినిపించే పేర్లను తయారుచేశాడు. అల్పీనా, అల్కోనా, టస్కోలా వంటివి వేర్వేరు భాషల ధ్వనులను అతికి చేసినవి. అతను సేకరించిన కథల ఆధారంగానే లాంగ్‌ఫెలో 1855లో 'హయవాథా' కావ్యం రాశాడు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పెటోస్కీ పరిసరాల్లో పర్యాటకుల కోసం ఆ కావ్యాన్ని నాటకంగా ఆడించినప్పుడు అందులో ఒడావా నటులే పాత్రలు ధరించారు. తమ కథ పరుల చేతిలో కావ్యమై తిరిగివస్తే దాన్ని తామే అభినయించవలసివచ్చిన స్థితి అది.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ మెకంజీ కైఫీయత్తులు గుర్తుకు రావడం సహజం. భూమిని కొలిచే అధికారే కథలను సేకరించడం రెండు చోట్లా సమానం. కానీ కైఫీయత్తుల్లో ఊరి కరణాలు చెప్పిన స్థలపురాణంతోపాటు ఏ మాన్యం ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఎవరు లాక్కున్నారు అన్న వివరాలు కూడా నమోదయ్యాయి. ఐతిహ్యం, భూమి హక్కు ఒకే కాగితం మీద నిలిచాయి. పెటోస్కీ కథలో ఐతిహ్యం మిగిలి హక్కు కొట్టివేతకు గురైంది. ఆ హక్కును వినిపించిన స్థానిక గొంతు లేకపోలేదు. హార్బర్ స్ప్రింగ్స్‌కు చెందిన ఒడావా రచయిత ఆండ్రూ బ్లాక్‌బర్డ్ 1887లో తమ జాతి చరిత్రను ఇంగ్లీషులో ప్రకటించాడు. సంప్రదాయ కథలు, భాషా వ్యాకరణం, తమకు జరిగిన అన్యాయాలు ఆ పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. రాయితో అమ్ముడయ్యే కరపత్రాలకు ఆ పుస్తకం ఆధారం కాలేదు.

6. కుహనా జానపదమా?

వ్యాపార ప్రయోజనం కోసం తయారుచేసి జానపదంగా చెలామణి చేసే రచనలను రిచర్డ్ డార్సన్ 1950లో 'ఫేక్‌లోర్' అన్నాడు. దీన్ని కుహనా జానపదం అని అనువదించుకోవచ్చు. ఆ పదాన్ని ప్రయోగించిన కాలంలో డార్సన్ మిషిగన్‌లోనే అధ్యాపకుడు. ఆ రాష్ట్రపు ఉత్తర ద్వీపకల్పంలో తిరిగి సేకరించిన సామగ్రితో 1952లో ఒక ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. అతని కొలబద్దతో చూస్తే పెటోస్కీ రాతికి చెప్పే మహిమలు నిస్సందేహంగా కుహనా జానపదమే. మౌఖిక సంప్రదాయం, సమాజ సమ్మతి, పాఠాంతరాల వైవిధ్యం అన్న లక్షణాలేవీ వాటికి లేవు.

పేరు ఐతిహ్యం అంత తేలికగా ఆ గాటికి కట్టుబడదు. పెటోసేగా చారిత్రక వ్యక్తి. అతని పేరు ఒడావా పేరు. రాష్ట్ర శిల చట్టం మీద గవర్నరు సంతకం చేసిన సందర్భంలో అతని మనుమరాలు హాజరైంది. కుటుంబ జ్ఞాపకం, పట్టణ చరిత్ర, పర్యాటక ప్రచారం ఈ కథలో కలిసిపోయాయి. కుహనా జానపదం కూడా కాలక్రమంలో నిజమైన జానపదం కావచ్చునని, జాతి ఆత్మన్యూనతతో దానికి ఉన్న సంబంధాన్ని పరిశీలించాలని ఎలన్ డండెస్ 1985లో వాదించాడు. ఆ వాదన ఇక్కడ కొంతవరకే పనికివస్తుంది. 2004లో కాథీ-జో వార్గిన్ రాసిన పిల్లల పుస్తకం శీర్షికలోనే పెటోస్కీ రాయి 'లెజెండ్' అన్న మాట ఉంది. దాన్ని చదివి పెరిగిన పిల్లలకు అది నిజంగానే సంప్రదాయం అవుతుంది. కానీ డండెస్ చూపు కథను స్వీకరించినవారి మీద ఉంది. కథ ఎవరి నుంచి వచ్చిందో వారి మీద లేదు.

కాబట్టి అసలు, నకిలీ అన్న విభజనకన్నా మరో కొలబద్ద అవసరం. కథ చెప్పేటప్పుడు అందులోని మనుషులు బతికి ఉన్న జాతిగా కనిపిస్తున్నారా, గతించిన అలంకారంగా కనిపిస్తున్నారా అన్నది ఆ కొలబద్ద. లిటిల్ ట్రావర్స్ బే ఒడావా జాతి ప్రభుత్వ గుర్తింపు 1994లో పునరుద్ధరణ పొందింది. నేడు అదే ప్రాంతంలో వారికి సొంత పాలనా వ్యవస్థ, న్యాయస్థానం ఉన్నాయి. శిలాజం అంటే అంతరించిన జీవి గుర్తు. శిలాజానికి ఒక జాతి నాయకుని పేరు పెట్టి, ఆ పేరు కథను 'ఒకప్పుడు' అని మొదలుపెట్టినప్పుడు, ఆ జాతి కూడా శిలాజమైపోయిందన్న స్ఫురణ చదువరి మనసులో తెలియకుండానే నాటుకుంటుంది. ఈ ఐతిహ్యంలోని ప్రధాన దోషం ఇదే. కల్పన కావడం కన్నా ఇది పెద్ద దోషం.

7. ఆచారంలో ఉన్న జానపదం:

కథను పక్కన పెడితే రాయికి జానపదమే లేదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఉంది. అది కథనంలో లేదు, ఆచారంలో ఉంది. శీతకాలపు మంచు కరిగి అలలు కొత్త రాళ్ళను ఒడ్డుకు చేర్చే వసంతంలో జనం తలలు వంచి తీరం వెంట నడుస్తారు. అనుమానం వచ్చిన రాతిని తీసి నీటిలో ముంచి చూస్తారు. నీరు లేనిచోట ఉమ్మి రాసి చూసేవారూ ఉన్నారు. దొరికిన రాతిని గరుకు కాగితాలతో, మొదట ముతకదానితో, తరువాత సన్నదానితో గంటలకొద్దీ అరగదీస్తారు. చివరికి కార్డురాయ్ లేదా మఖమల్ గుడ్డతో మెరుగు పెడతారు. ఈ పద్ధతిని పెద్దలు పిల్లలకు చేతిలో చేయి పెట్టి నేర్పుతారు. యంత్రంతో మెరుగు పెట్టినదానికన్నా చేత్తో చేసినది మేలని వాదించేవారు ఉంటారు. మంచి రాయి దొరికే చోటును బయటపెట్టకపోవడం ఒక అలిఖిత మర్యాద.

మౌఖికంగా సంక్రమించే జ్ఞానం, అనుకరణతో నేర్చుకునే నైపుణ్యం, సమూహపు కట్టుబాటు జానపద విజ్ఞానానికి మూల లక్షణాలు. అవన్నీ ఇక్కడ ఉన్నాయి. రాయి మెత్తన కావడం వల్లే ఈ ఆచారం సాధ్యమైంది. వజ్రంలా గట్టిదైతే అది వృత్తినిపుణుల చేతికి వెళ్ళిపోయేది. ఫ్లోరిడా పగడంలా సిలికా అయినా యంత్రం లేకుండా లొంగేది కాదు. రత్నశాస్త్రం లోపంగా లెక్కించే మెత్తదనమే పెటోస్కీ రాయిని సామాన్యుల రత్నంగా నిలిపింది.

ఈ ఆచారానికి చట్టం ఒక హద్దు గీసింది. మిషిగన్ ప్రభుత్వ భూముల నుంచి ఒక వ్యక్తి ఏడాదికి 25 పౌండ్లకు మించి రాళ్ళు తీసుకోరాదు. 2015లో 93 పౌండ్ల పెటోస్కీ రాతిని ఒకరు సరస్సులోంచి వెలికితీయగా రాష్ట్ర సహజవనరుల శాఖ దాన్ని స్వాధీనం చేసుకుంది. తరువాత అది డెట్రాయిట్‌లో ప్రదర్శనకు చేరింది. దొరికినది దొరికినవారిదా, అందరిదా అన్న వాదం అప్పుడు పత్రికలకెక్కింది. సరస్సు అడుగునున్న రాయి ప్రజల ఉమ్మడి ఆస్తి అన్న నియమం న్యాయమైనదే. అయితే అదే తీరాన, 19వ శతాబ్దంలో, రాతికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఉమ్మడి ఆస్తి చేతులు మారింది. 93 పౌండ్ల మీద జరిగిన చర్చలో ఆ ప్రస్తావన రాకపోవడానికి, కథలోని 'ఇచ్చాడు' అన్న క్రియకు సంబంధం ఉంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. పెటోస్కీ రాతికి చెప్పే రక్షణ గుణాలు ఎరుపు పగడం సంప్రదాయం నుంచి పేరు సామ్యంతో వచ్చినవి. ఆ సంప్రదాయానికి ఇరుసైన ఎరుపు రంగు ఇందులో లేదు. 'మూడో కన్ను' మహిమ భారతీయ పరిభాష నుంచి వచ్చిన అరువు.

2. ప్రచారంలోని ఐతిహ్యం వ్యక్తి జననానికి సంబంధించినది. అందులో రాయి పాత్ర లేదు. షడ్భుజుల్లోని గీతలను కిరణాలుగా చదవడం పేరు తెలిశాక జరిగిన దృశ్య లోకనిరుక్తి.

3. ఐతిహ్యపు ప్రచార రూపం భూమి కోల్పోయిన చరిత్రను దానంగా మార్చింది, సజీవమైన జాతిని గతకాలపు అలంకారంగా చూపింది.

4. రాయికి సొంతమైన జానపదం వెతకడం, తడపడం, మెరుగు పెట్టడం అన్న ఆచారాల్లో ఉంది.

రత్నాల కథలను మూఢనమ్మకాలని తోసిపుచ్చడమూ, ప్రాచీన జ్ఞానమని తలకెత్తుకోవడమూ రెండూ సులభమైన పనులు. వాటి అరువులను లెక్కగట్టడం కష్టం, అవసరం కూడా. తెలుగునాట రంగురాళ్ళ దుకాణాల్లోనూ ఇప్పుడు దేశదేశాల రాళ్ళు పాత నవరత్నాల మహిమలతో అమ్ముడవుతున్నాయి. ఆ రాళ్ళు ఏ నేల నుంచి వచ్చాయో, వాటి పేర్లు ఎవరి భాషలోవో, వాటికి అంటించిన గుణాలు ఎక్కడివో విడివిడిగా నమోదు చేసే క్షేత్రపరిశోధన తెలుగు జానపద విజ్ఞానంలో జరగవలసి ఉంది. పెటోస్కీ రాతిమీది గీతలు తడిపితేనే కనిపించినట్టు, కథలోని గీతలు కూడా చరిత్రతో తడిపి చూసినప్పుడే స్పష్టమవుతాయి.